ఐదున్నర కిలోమీటర్ల వెలితి: పాతబస్తీ, పట్టాలు, మన పిల్లల చదువులు

మన సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులో 'సహాయం ఏ అవసరానికి?' అని ఒక గడి ఉంటుంది. చాలా ఏళ్లుగా ఆ గడిలో రెండే మాటలు చదివేవాళ్లం: ఫీజు, పుస్తకాలు. ఈమధ్య మూడో మాట కనబడుతోంది. 'రాకపోకలకు' అని. మొదట్లో మా విద్యా ఉపసంఘంలో కొందరు పెద్దలు దీన్ని పక్కన పెట్టారు. ఫీజు కట్టలేని పిల్లలుండగా ఆటో కిరాయికి డబ్బులివ్వడమేమిటన్నది వారి మాట. నేనూ వారిలో ఒకణ్ణే. షాలిబండ నుంచి వచ్చిన ఒక అమ్మాయి దరఖాస్తు నా అభిప్రాయం మార్చింది. ఆమెకు మాదాపూర్ వైపు ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఉచితంగా సీటు వచ్చింది. ఫీజు లేదు, పుస్తకాలు వాళ్లే ఇస్తారు. అయినా ఆమె చేరలేదు. కారణం ఏమిటని అడిగితే, "క్లాసు ఆరింటికి అయిపోతుంది సార్, ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతోంది, అబ్బా ఒప్పుకోవడం లేదు" అంది.

చార్మినార్ నుంచి మాదాపూర్‌కు ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. అదే దూరం మియాపూర్ వైపు నుంచో ఎల్.బి.నగర్ వైపు నుంచో వచ్చే పిల్లకు పెద్ద విషయం కాదు. మన పిల్లకు మాత్రం అది దాటలేని గోడయింది. ఆ గోడ ఎలా లేచిందో, ఎవరి వల్ల లేచిందో, అందులో మన చేతులు కూడా ఎంతవరకు ఉన్నాయో దాతలందరికీ తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఊరు నది దాటి వెళ్లిపోయింది

1591లో చార్మినార్ కట్టినప్పుడు ఊరికి అదే నడిబొడ్డు. దానికంటే ముందే, 1578లో, గోల్కొండ నుంచి రావడానికి మూసీపై పురానాపూల్ వంతెన వచ్చింది. మూడు వందల ఏళ్లపాటు జనం పనికోసం, వ్యాపారంకోసం, కచేరీకోసం నదికి దక్షిణంవైపు వచ్చేవారు. 1908 సెప్టెంబరు వరద తర్వాత ఊరు క్రమంగా ఉత్తరానికి జరిగింది. సికింద్రాబాద్‌కు అప్పటికే రైలుంది. వాడి నుంచి వచ్చిన నిజాం రైలుమార్గం 1874లోనే అక్కడికి చేరింది. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ స్టేషన్ 1916లో వచ్చాయి. ఈ మూడూ మూసీకి ఉత్తరానే. 1932లో నిజాం ప్రభుత్వం రైల్వే శాఖ కిందే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే.

ఉద్యోగాలు కోఠీ, ఆబిడ్స్, సికింద్రాబాద్‌లలో ఉన్నంతకాలం పాతబస్తీ మనిషికి ఒక బస్సు చాలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పని ఊరికి పడమటి కొసకు పోయింది. ఇంటికీ పనికీ మధ్య దూరం ఐదారు కిలోమీటర్ల నుంచి ఇరవైకి పెరిగింది. అంత దూరాన్ని రద్దీ రోడ్డుమీద బస్సులో రోజూ రెండుసార్లు దాటడం మనిషిని పిండేస్తుంది. పట్టాల అవసరం పుట్టింది అక్కడే.

రైలు ఉంది, లేనట్టే ఉంది

పాతబస్తీలో రైలే లేదంటే అబద్ధమవుతుంది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైంది, మరుసటి ఏడాది ఫలక్‌నుమా దాకా వచ్చింది. మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా స్టేషన్లు మన ఇళ్ల మధ్యనే ఉన్నాయి. టికెట్టు ఐదు రూపాయల నుంచి మొదలవుతుంది. దేశంలో ఇంత చవకైన ప్రయాణం అరుదు. 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా సేవలు పొడిగించారు కూడా.

మరి జనం ఎందుకు ఎక్కరు? దీనికి చిన్న లెక్క తెలిస్తే చాలు. ఏ బండి అయినా సరే, వేళ చూసుకోకుండా స్టేషన్‌కు పోతే సగటున ఎదురుచూడాల్సిన సమయం రెండు బళ్ల మధ్య విరామంలో సగం ఉంటుంది. మెట్రో రద్దీ వేళల్లో మూడు నాలుగు నిమిషాలకొకటి వస్తుంది కాబట్టి రెండు నిమిషాలు నిలబడితే చాలు. గంటకొక బండి ఉన్నచోట సగటున అరగంట నిలబడాలి. బండి ఆలస్యమైనా, రద్దయినా ఆ అరగంట గంట దాటుతుంది. ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సూ నడిచే పట్టాలమీదే ఇదీ నడవాలి. ఢిల్లీ బండికో బెంగళూరు బండికో దారి ఇవ్వడానికి మన బండి ఆగుతుంది. ఒకరోజు ఆగితే సర్దుకుంటాం. వారానికి రెండుసార్లు ఆగితే యజమాని ఊరుకోడు. నమ్మకం లేని బండి ఎంత చవకైనా, రోజుకూలి పోగొట్టుకునేవాడికి అది ఖరీదైనదే.

కోవిడ్ కాలంలో జరిగింది గుర్తుచేసుకోండి. 2020 మార్చిలో రెండూ ఆగాయి. మెట్రో ఆ ఏడాది సెప్టెంబరులోనే మళ్లీ నడిచింది. ఎంఎంటీఎస్ 2021 జూన్ చివరిదాకా, అంటే పదిహేను నెలలపాటు, పట్టాలెక్కలేదు. ఐదు రూపాయల బండిమీద ఆధారపడ్డవాళ్లకు ఆ పదిహేను నెలలు ఆటో తప్ప గతి లేకపోయింది. పెద్దగా ఎవరూ అడగలేదు కూడా. మనమూ అడగలేదు.

ఇంకో మాట. ఈ రైలు మార్గం పాతబస్తీకి తూర్పు అంచున వెళుతుంది. బహదూర్‌పురా, కిషన్‌బాగ్, తాడ్‌బన్, హసన్‌నగర్‌వాళ్లకు యాకుత్‌పురా స్టేషన్ ఎంత దూరమో నాంపల్లి అంత దూరం. దక్షిణాన బార్కస్, ఎర్రకుంట, షాహీన్‌నగర్‌లకు అదీ లేదు. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరం ఎనిమిది వందల మీటర్లు, మహా అయితే కిలోమీటరు అని పట్టణ ప్రణాళికలవారు లెక్కవేస్తారు. ఎండలో బుర్ఖా వేసుకుని, చంకలో పిల్లతో నడిచే తల్లికి అది ఇంకా తక్కువే అని నేననుకుంటాను.

మెట్రో ఎక్కడ ఆగింది

హైదరాబాద్ మెట్రో మొదటి దశ పటంలో మూడు దారులుండేవి. మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ ఒకటి, నాగోల్ నుంచి శిల్పారామం ఒకటి, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా ఒకటి. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరినప్పుడు ఈ మూడూ ఒకే కాగితంలో ఉన్నాయి. 2017 నవంబరులో మొదటి రైలు నడిచింది. 2018లో ఎల్.బి.నగర్‌కు, 2019లో హైటెక్ సిటీకి, ఆ తర్వాత రాయదుర్గానికి చేరింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా పదకొండు కిలోమీటర్లు తెరిచారు. దాంతో మొదటి దశ ముగిసింది. 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. మిగిలిపోయింది ఒక్కటే: ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, షాలిబండ, షంషేర్‌గంజ్, ఫలక్‌నుమా అనే ఐదు స్టేషన్లు కాగితంమీదే ఉండిపోయాయి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లు తూర్పువైపు మనవాళ్లకు ఎంతో మేలు చేశాయి. చంచల్‌గూడ, సైదాబాద్ పిల్లలు ఈరోజు మెట్రోలో అమీర్‌పేట వెళుతున్నారంటే ఆ దారి పుణ్యమే. కాబట్టి 'మెట్రో మనకేమీ ఇవ్వలేదు' అని వేదికలమీద అనడం సరికాదు. పాతబస్తీకి గుండెకాయలాంటి భాగాన్ని వదిలేసింది అనడం సరైనది.

ఆ వదిలేయడం వల్ల మిగిలిన ఆకుపచ్చ దారికీ నష్టమే జరిగింది. మూడు దారుల్లోనూ దానికే ప్రయాణికులు తక్కువ. తలా తోకా రెండూ ఉంటేనే దారికి జనం వస్తారు. దక్షిణాన లక్షలమంది ఉన్న కొసను కోసేసి, జనం ఎక్కడం లేదంటే ఎలా?

ఎందుకు ఆగింది

దీనికి ఒక్కటే కారణం చెప్పేవాళ్లను నమ్మకండి. ప్రభుత్వాలు పట్టించుకోలేదన్నది నిజం. 2014లో అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ ఈ మూడుచోట్ల దారి మారుస్తామన్న ప్రకటన వచ్చింది. కొంతకాలానికి అసెంబ్లీ దగ్గరా సుల్తాన్ బజార్‌లోనూ పాత దారిలోనే స్తంభాలు లేచాయి. పాతబస్తీలో మాత్రం ఏ దారిలోనూ లేవలేదు. గుత్తేదారు సంస్థకు ఖర్చు పెరగడం, ఆదాయం రాకపోవడం కూడా నిజమే.

కానీ మనవైపు నుంచి జరిగింది కూడా చెప్పుకోవాలి. దారి దారుల్‌షిఫా నుంచి పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మొమిన్ దాయిరా, హరిబౌలి మీదుగా షాలిబండకు, అక్కడి నుంచి షంషేర్‌గంజ్, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమాకు వెళ్లాలి. ఆ రోడ్డును వంద అడుగులకు వెడల్పు చేయాలి, స్టేషన్ల దగ్గర ఇంకా ఎక్కువ. ఆ దారి పొడవునా మసీదులు, దర్గాలు, ఆషూర్‌ఖానాలు, శ్మశానాలు, దేవాలయాలు ఉన్నాయి. ఇలాంటి కట్టడాలు వందకుపైగా ఉన్నాయని మెట్రో అధికారులే లెక్క చెప్పారు. వాటిని కాపాడమని అడగడం మన హక్కు. అయితే 'ఇటు వద్దు' అని చెప్పినంత గట్టిగా 'అటు కావాలి' అని మనం చెప్పలేదు. మూసీ పక్కనుంచి, బహదూర్‌పురా మీదుగా తిప్పమన్న మాట వచ్చింది, కొన్నాళ్లు నలిగింది, పోయింది. షాపులున్నవాళ్లు సభలకు వచ్చారు. బస్సుకోసం నిలబడేవాళ్లు రాలేదు. వాళ్లను ఎవరూ పిలవలేదు.

మీర్ మొమిన్ దాయిరా పేరు వచ్చింది కాబట్టి చిన్న మాట. ఆ దాయిరాలో ఉన్న మీర్ మొమిన్ అస్తరాబాదీ కులీ కుతుబ్ షా కాలపు పేష్వా. చార్మినార్ చుట్టూ నాలుగు దిక్కులకు వెడల్పాటి దారులతో ఈ నగరాన్ని గీసిన మనిషిగా చరిత్ర ఆయనను చెబుతుంది. దారులు ఎలా ఉండాలో నాలుగు వందల ఏళ్ల క్రితం ఆలోచించినవారి సమాధి పక్కనుంచే ఈ వాదన నడవడం నాకు ఎప్పుడూ గుర్తొస్తూ ఉంటుంది.

ఇతర ఊళ్లు ఏం చేశాయి

పాత ఢిల్లీ మన పాతబస్తీకంటే ఇరుకు. అక్కడ చావ్డీ బజార్ స్టేషన్ 2005లో తెరిచారు, అదీ భూమి కింద చాలా లోతున. పైన గల్లీలూ దుకాణాలూ అలాగే ఉన్నాయి. 2017 మే నెలలో జామా మసీద్, లాల్ ఖిలా స్టేషన్లు వచ్చాయి, అవీ భూమి కిందే. ఈరోజు ఢిల్లీలో ఏ మూలనుంచైనా జామా మసీదు గుమ్మం దాకా రైలులో రావచ్చు. మద్రాసులో మన్నడి, వాషర్‌మన్‌పేట స్టేషన్లూ 2019లో అలాగే భూమి కింద వచ్చాయి. సొరంగానికి ఖర్చు స్తంభాల దారికంటే రెండింతలకు పైనే ఉంటుంది. అందుకే హైదరాబాద్‌లో స్తంభాలమీద కట్టడమే ఎంచుకున్నారు. ఆ ఆదాకు మూల్యం ఇరుకు రోడ్డుమీద ఇల్లు, దుకాణం ఉన్నవాళ్లు చెల్లిస్తున్నారు. ఆ ఎంపిక తప్పా ఒప్పా అన్నది ఇంజినీర్లు తేల్చాలి. మనవాళ్లు మాత్రం ఎంపిక ఉందనే సంగతి తెలుసుకోవాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో పారిస్ పక్కనున్న క్లిషీ-సూ-బువా అనే ఊరు చెబుతుంది. పారిస్‌కు పదిహేను కిలోమీటర్లే. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమ ఆఫ్రికాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. దశాబ్దాలపాటు ఆ ఊరికి రైలు లేదు. 2005లో ఫ్రాన్స్ అంతా పాకిన అల్లర్లు అక్కడే మొదలయ్యాయి. ఆ తర్వాత కూడా ట్రామ్ రావడానికి 2019 చివరిదాకా పట్టింది. న్యూయార్క్‌లో బ్రాంక్స్ మధ్యలో థర్డ్ అవెన్యూ మీద ఒక స్తంభాల రైలు ఉండేది. 1973లో దాన్ని తీసేసి బస్సు వేశారు. రైలు మాత్రం తిరిగి రాలేదు. పోయిన పట్టాలు తేలికగా తిరిగి రావు. మన ఎంఎంటీఎస్ విషయంలో ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఎక్కడుంది వ్యవహారం

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఇప్పుడు దారి ఫలక్‌నుమాతో ఆగదు. చాంద్రాయణగుట్ట దాకా, మొత్తం ఏడున్నర కిలోమీటర్లు. నాగోల్ నుంచి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారి కూడా చాంద్రాయణగుట్టలోనే కలుస్తుంది. అంటే ఇవాళ కొసన ఉన్న చాంద్రాయణగుట్ట రేపు కూడలి అవుతుంది. రెండో దశలో ఐదు దారులు కలిపి 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయల అంచనాతో 2024 చివర్లో రాష్ట్రం కేంద్రానికి పంపింది. కేంద్రం వాటా, పెద్ద రుణాలు రెండూ కేంద్రం ఆమోదంమీదే ఆధారపడి ఉంటాయి. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ వాటాను రాష్ట్రమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. ఇవన్నీ పై స్థాయి విషయాలు, మన చేతిలో లేవు.

మన చేతిలో ఉన్నది కింద, రోడ్డుమీద ఉంది. ఆస్తుల సేకరణలో చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున ధర నిర్ణయించి, 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చారు. మసీదులు, ఆషూర్‌ఖానాలు, దేవాలయాలు తాకకుండా స్తంభాల స్థానాలు సర్దుతామని అధికారులు చెప్పారు. చార్మినార్ స్టేషన్ కూడా కట్టడానికి అర కిలోమీటరు దూరంలో ఉంటుందన్నారు. వారసత్వ కట్టడాల గురించి హైకోర్టులో వాదన కూడా నడిచింది.

చెక్కు యజమానికి వస్తుంది. మరి కిరాయిదారుకు? ఈ ప్రశ్న దాతలందరూ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పాతబస్తీలో చాలా దుకాణాలు పగిడీమీద, నోటిమాటమీద నడుస్తున్నాయి. తాతల కాలంనుంచి గాజులమ్మేవాడు, కుట్టుపని చేసేవాడు, ఇత్తర్ అమ్మేవాడు అద్దె రసీదు కూడా లేకుండా కూర్చున్నారు. యజమానికి కోటి వచ్చినా వీరికి వచ్చేది సగం విరిగిన గోడే. 2013 భూసేకరణ చట్టం ఈ విషయంలో కొంత దయ చూపింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ చోటే పని చేసుకుంటూ, దానిమీదే బతుకుతున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా ఆ చట్టం లెక్కిస్తుంది. కిరాయిదారు, చేతిపనివాడు కూడా ఇందులోకి వస్తారు. కానీ మూడేళ్లు అక్కడే ఉన్నట్టు కాగితం కావాలి. కరెంటు బిల్లు, లేబర్ లైసెన్సు, జీఎస్టీ కాగితం, బ్యాంకు ఖాతా చిరునామా, ఏదో ఒకటి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన తర్వాత అభ్యంతరం చెప్పడానికి అరవై రోజులే గడువు. సమ్మతిమీద ఆస్తి రాసిచ్చే పద్ధతిలో ఆ గడువుల మాటే రాదు. యజమాని సంతకం పెట్టిన రోజే కిరాయిదారు వీధిలో పడతాడు. అందుకని సంతకానికి ముందే మాట్లాడుకోవాలి.

మన దాతల్లో ఆ దారిమీద మడిగెలున్నవారు కొందరున్నారు. వారిని నొప్పించడానికి కాదు, గుర్తుచేయడానికే రాస్తున్నాను. కిరాయిదారుకు మీరిచ్చే ఒక చిన్న ఉత్తరం, 'ఇతను ఫలానా సంవత్సరంనుంచి నా మడిగెలో ఉన్నాడు' అనే రెండు వాక్యాలు, ఆ కుటుంబానికి మేం ఏడాదంతా ఇచ్చే సహాయంకంటే ఎక్కువ. వక్ఫ్ ఆస్తి అయితే కలెక్టర్ వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలి. ముతవల్లీ ఒక్కడే సంతకం పెట్టి చెక్కు తీసుకుంటే అది చెల్లదు. మసీదు కమిటీలవారు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

మెట్రో వచ్చేదాకా

ఈ రోజు అన్నీ అనుకున్నట్టు జరిగినా ఆ స్టేషన్లు తెరవడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న అమ్మాయి అప్పటికి చదువు ముగించేస్తుంది. అందుకని ఇప్పటి లెక్క చూద్దాం.

షాలిబండ నుంచి రాయదుర్గం దగ్గర పని చేసే ఒక యువకుణ్ణి అనుకుందాం. ఎంజీబీఎస్ దాకా షేరింగ్ ఆటోకు ఇరవై, అక్కడి నుంచి అమీర్‌పేటలో మారి రాయదుర్గానికి మెట్రోకు సుమారు అరవై. ఒకవైపు ఎనభై, రానుపోను నూట అరవై. నెలకు పాతిక రోజులు వెళితే నాలుగు వేలు. జీతం పదహారు వేలైతే నాలుగోవంతు దారిలోనే పోయింది. చార్మినార్ దగ్గర స్టేషన్ ఉండి ఉంటే ఆటో డబ్బులు మిగిలేవి, మెట్రో టికెట్టు మహా అయితే అరవై తొమ్మిది దాటదు. అంటే డబ్బు పెద్దగా మిగలదు. మిగిలేది సమయం, అలసట, రాత్రిపూట ఆటోకోసం బేరమాడే అవమానం. డబ్బు లెక్కలో రాని ఇవే అమ్మాయిల చదువును ఆపేస్తున్నాయి.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. పాతబస్తీలో ఈ పథకం చేసిన మేలు నేను కళ్లారా చూశాను. హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీకీ, కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికీ వెళ్లే పిల్లలకు దారి ఖర్చు పోయింది. మగపిల్లల సంగతి వేరు. ఆర్డినరీ జనరల్ పాసు 2025 జూన్‌లో 1,150 నుంచి 1,400 రూపాయలైంది. విద్యార్థి పాసులూ పెరిగాయి. తండ్రి లేని ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే ఒకడే చదువుతాడు, రెండోవాడు మెకానిక్ షాపుకు పోతాడు. పాసు ఒక్కటే కారణం కాదు, కానీ అదీ ఒకటి.

ఈ పరిస్థితిలో సొసైటీ ఏం చేయగలదన్నది కమిటీలో చర్చకు పెట్టాను. పాసుల సహాయం తేలిక. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చా, ఎవరికి వాడవచ్చా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకుంటాం. సదఖా, సాధారణ విరాళాల సొమ్ముకు ఆ చిక్కు లేదు. కష్టమైనది రెండోది: సాయంత్రం ఏడు తర్వాత ఎంజీబీఎస్ నుంచి, మలక్‌పేట నుంచి షాలిబండ, ఫలక్‌నుమా, బార్కస్ వైపు అమ్మాయిలను దించే ఒక వ్యాను. పెట్రోలు, డ్రైవరు, బాధ్యత అన్నీ లెక్కలోకి వస్తాయి. మా కోశాధికారిగారు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన భయమూ సబబే. ఒక్కరోజు వ్యాను రాకపోతే, దాన్ని నమ్ముకుని బయలుదేరిన పిల్ల గతేమిటి?

మూడోది డబ్బు అక్కర్లేని పని. యాకుత్‌పురా, డబీర్‌పురా, ఉప్పుగూడ స్టేషన్లలో ఉదయం, సాయంత్రం ఎంఎంటీఎస్ బళ్లు పెంచమని, వేళకు నడపమని, ప్లాట్‌ఫారంమీద దీపాలు, ఆడవాళ్లకు మరుగు వసతి పెట్టమని దక్షిణ మధ్య రైల్వేకు వినతిపత్రం ఇవ్వడం. పట్టాలు వేసి ఉన్నాయి. ఇల్లు కూల్చాల్సిన పనిలేదు, దర్గా జరపాల్సిన పనిలేదు. లాల్ దర్వాజా, హరిబౌలి, అలియాబాద్ హిందూ సోదరులకూ ఇదే స్టేషన్, ఇదే కష్టం. వినతిపత్రంమీద బస్తీ అందరి సంతకాలూ ఉండాలని, ఒక్క జమాత్ ముద్ర ఉండకూడదని నా కోరిక. ఏ రోజు ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో మూడు నెలలపాటు నోటుబుక్కులో రాసిపెట్టే ఇద్దరు యువకులు దొరికితే ఆ పత్రానికి బలం వస్తుంది. అధికారులకు కోపతాపాల కంటే తేదీలూ నిమిషాలే బాగా వినబడతాయి. యాకుత్‌పురా స్టేషన్ దగ్గరే ఉండే డిగ్రీ పిల్లాడొకడు ముందుకొచ్చాడు. రెండోవాడు కావాలి.

షాలిబండ అమ్మాయికి మళ్లీ జూన్‌లో అదే కేంద్రంలో సీటు ఇస్తామన్నారట. ఆమె కొత్త దరఖాస్తు మా దగ్గరుంది. 'సహాయం ఏ అవసరానికి' అన్నచోట ఈసారి డబ్బు మొత్తం రాయలేదు. "సాయంత్రం ఎంజీబీఎస్ నుంచి ఇంటిదాకా తోడు" అని రాసింది.